వాడే తూటా దొరకనప్పుడు 12 బోర్ గన్నుకి ఇంకోటి ఎలా ఎంచుకోవాలి

మిలిటరీ నుంచి వచ్చేసి, గన్ లైసెన్సు తీసుకుని, బ్యాంకు గేటు దగ్గరో క్యాష్ వ్యాన్ మీదో డ్యూటీ చేస్తున్నవాళ్లు శ్రీకాకుళం జిల్లాలో ఏ మండలంలోనైనా కనిపిస్తారు. వాళ్ల దగ్గర్నుంచి పదేపదే వచ్చే ప్రశ్న ఇది: “బాబూ, మనం ఎప్పుడూ వాడే తూటా కొట్లో లేదంట. వేరేది ఉంది, పట్టుకెళ్లమంతన్నాడు. మన గన్నుకి పడతాదేటి?”

పడతాదా అని అడిగితే జవాబు దాదాపు ఎప్పుడూ అవుననే వస్తుంది. అక్కడే ప్రమాదం. 12 బోర్ చాంబర్లో (బారెల్ వెనక తూటా కూర్చునే చోట) పడకూడని తూటాలు కూడా హాయిగా పడతాయి, గన్ను మూసుకుంటుంది, ట్రిగ్గరూ నొక్కుకుంటుంది. అందుకని పడతాదా అని కాదు, మన బారెల్ మీద కొట్టిన అంకెకీ తూటా మీద అచ్చువేసిన అంకెకీ పొంతన ఉందా అని అడగాలి. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఈ పని మనకి లేదు. కోత్‌లోంచి (ఆయుధాల గదిలోంచి) ఏది ఇష్యూ చేస్తే అదే వాడాం. ఇప్పుడు గన్నూ మనదే, తూటా ఎంపికా మనదే.

ఇక్కడ చెప్పేదంతా లైసెన్సు ఉన్న, మడిచి వెనకనుంచి తూటా పెట్టే సింగిల్ బారెల్, డబల్ బారెల్ గన్నుల గురించి. చివర్లో .32 రివాల్వర్ గురించి కొంత ఉంది. నాటు తుపాకులకి ఇందులో ఏదీ వర్తించదు.

కావలసినవి

గన్ను. లైసెన్సు ఒరిజినల్. ఇప్పటిదాకా వాడిన తూటాల అట్టపెట్టె, అది పారేసి ఉంటే పేల్చిన ఖాళీ షెల్ ఒకటి. టార్చి, భూతద్దం, మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు. క్లీనింగ్ రాడ్, గుడ్డ. రాసుకోడానికి ఒక నోటుబుక్కు. ఫోనులో ఫొటో తీసుకున్నా సరే, కానీ కొట్లో చూపించడానికి కాగితమే సుళువు.

1. గన్ను ఖాళీ అని రెండుసార్లు తేల్చుకోండి

మడిచి, రెండు చాంబర్లూ కంటితో చూసి, వేలు పెట్టి తడిమి చూడండి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. పిల్లల్ని బయటకి పంపించండి. తర్వాత టార్చి వేసి బారెల్ లోపల ఈ చివర్నుంచి ఆ చివరికి చూడండి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు డిపాజిట్ చేసి నెలల తర్వాత తెచ్చుకున్న గన్నుకి ఇది మరీ ముఖ్యం. కుమ్మరి పురుగు బారెల్ లోపల మట్టిగూడు కట్టేస్తుంది. గుడ్డ పీలిక ఇరుక్కుని ఉండొచ్చు, మన సముద్రపు గాలికి తుప్పు పెచ్చు లేచి ఉండొచ్చు. బారెల్ మూసుకుని ఉంటే ఎంత మంచి తూటా ఎంచుకున్నా బారెల్ పగులుతుంది.

2. బారెల్ మీద ఏం రాసుందో చదవండి

ముందు చెక్క ఊడదీసి, బారెల్‌ని బాడీ నుంచి విడదీయండి. తిరగేస్తే చాంబర్ కింద చదునుగా ఉన్న చోట చిన్న చిన్న ముద్రలు కనిపిస్తాయి. గ్రీజు తుడిచి భూతద్దంతో చదవండి. మనకి కావలసింది చాంబర్ పొడవు. అది మిల్లీమీటర్లలో ఉంటే 65, 70, 76. అంగుళాల్లో ఉంటే 2½, 2¾, 3. “12-70” అని కలిపి కూడా కొడతారు.

పాత ఇంగ్లండు గన్నులైతే చదరపు అంగుళానికి ఇన్ని టన్నులు అని ఒత్తిడి కూడా కొట్టి ఉంటుంది. 2½ అంగుళాల చాంబర్‌కి సాధారణంగా 3 టన్నులు, 2¾కి 3¼, 3 అంగుళాల మాగ్నమ్‌కి (మందూ సీసమూ ఎక్కువ పట్టే రకం) 4. ఆ తేడా పొడవుది మాత్రమే కాదు, బారెల్ ఎంత ఒత్తిడి ఓర్చుకుంటుందో దాన్ని పరీక్షించినవాళ్లు రాసిపెట్టిన మాట.

రెండు రకాల గన్నుల దగ్గర ఆగిపోండి. ఒకటి, బారెల్ మీద చుట్టలు చుట్టలుగా మెలికల గీతలు ఉన్నవి. అవి ఇనప పట్టీలని మెలిపెట్టి అతికించి చేసిన డమాస్కస్ బారెళ్లు, ఎక్కువభాగం నల్లమందు (పొగొచ్చే పాతకాలపు తుపాకీ మందు) రోజులవి. ఈ కాలపు తూటా దేన్నీ వాటిలో పెట్టకండి. తాతగారి గన్ను అని ఎంత ప్రేమున్నా గోడమీదే ఉండనివ్వండి. రెండోది, పొడవు ముద్ర అసలు లేనివి, లేదా అరిగిపోయి చదవడానికి రానివి. లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ దగ్గర చాంబర్ గేజి పెట్టి కొలిపించి, రాయించుకోండి. అందాకా పేల్చకండి. “మా నాన్న ఇందులో అన్నీ వాడేవాడు” అన్నది కొలత కాదు.

3. తూటా పొడవు అంటే ఏ పొడవో అర్థం చేసుకోండి

ఇదొక్కటే ఇందులో కాస్త సిద్ధాంతం. ఇది తెలియకే ఎక్కువ తప్పులు జరుగుతున్నాయి.

తూటా మీద 70 మి.మీ. అని రాసుంటే అది పేల్చిన తర్వాత ఉండే పొడవు. పేల్చకముందు దాని మూతి పొట్లం మడిచినట్టు లోపలికి మడిచి ఉంటుంది కాబట్టి, స్కేలు పెడితే 60 మి.మీ.కి అటూ ఇటూగా వస్తుంది. అందుకే 70 తూటా 65 చాంబర్లోకి, 76 మాగ్నమ్ తూటా 70 చాంబర్లోకి ఏ అడ్డూ లేకుండా దిగిపోతుంది. పేలినప్పుడు ఆ మడత విచ్చుకోవాలి. విచ్చుకునే చోటు లేకపోతే మూతి ముందున్న ఇరుకు భాగంలోకి చొచ్చుకుపోయి, గుళ్లు వెళ్లే దారిని బిగదీస్తుంది. ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. మాగ్నమ్‌లో మందూ సీసమూ కూడా ఎక్కువే కాబట్టి రెండు ప్రమాదాలూ ఒకేసారి మీద పడతాయి. మీ ఎడమచెయ్యి ఉండేది సరిగ్గా దాని ముందే.

పేల్చని తూటాని స్కేలుతో కొలిచి “65 కంటే తక్కువే ఉంది కదా” అనుకోకండి. దాని పక్కన అచ్చులో ఏముందో అదే లెక్క.

4. పొంతన చూసుకోండి

65 చాంబర్: 65 తూటాయే. అంతకంటే పొడవుది వాడాలంటే, 65 చాంబర్‌కి పనికొస్తుందని తయారీదారే పెట్టెమీద అచ్చువేసి ఉండాలి. కొట్టువాడి మాట చాలదు.

70 చాంబర్: 70, 65. రెండూ వాడొచ్చు. 76 వద్దు.

76 చాంబర్: మూడూ వాడొచ్చు. అయినా డ్యూటీకి మాగ్నమ్ అవసరం లేదు. దాని తన్నుకి రెండో గుండు గురి తప్పుతుంది.

చిన్న తూటా పెద్ద చాంబర్లో ఫరవాలేదు. పెద్ద తూటా చిన్న చాంబర్లో ఎప్పుడూ వద్దు. ఆటోమేటిక్ గన్నుల్లో చిన్న తూటా పెడితే కొన్ని సరిగ్గా పనిచెయ్యవు, అది వేరే సంగతి.

5. సీసం బరువు చూడండి

పొడవు కుదిరినా పని అయిపోలేదు. తూటా పక్కన గ్రాముల్లో ఇంకో అంకె ఉంటుంది, అది సీసం బరువు. 65 వాటిలో 28 నుంచి 30 గ్రాములు, 70 వాటిలో 32 నుంచి 36 మామూలు. 70లోనే 40 గ్రాములు దాటిన మాగ్నమ్ లోడ్లు కూడా దొరుకుతాయి. పొడవు సరిపోయింది కదా అని పాత తేలిక గన్నులో అవి పెడితే బట్ చెక్క చీలుతుంది, కీలు వదులవుతుంది. మీరు ఇన్నాళ్లూ వాడిన బరువు ఎంతో పాత పెట్టెమీద చూసి, దానికి సమానమైనది గానీ తక్కువది గానీ తీసుకోండి. ఎక్కువది తీసుకోవడానికి “అదే ఉంది” అన్నది కారణం కాదు.

ఇంకో మాట. విదేశీ తూటాల్లో సీసానికి బదులు స్టీలు గుళ్లున్నవి ఉంటాయి. స్టీలు అణగదు, బారెల్ లోపల గీస్తుంది, మూతి దగ్గర ఇరుకున్న చోట ఉబ్బేలా చేస్తుంది. స్టీలు కోసం పరీక్షించినట్టు బారెల్ మీద ముద్ర ఉంటేనే అవి.

6. గుళ్ల సైజు అక్షరాలతో కాదు, మిల్లీమీటర్లతో చూడండి

మనవాళ్లు బ్రిటిష్ లెక్కకి అలవాటు పడ్డారు. ఎల్‌జీ అంటే ఔన్సు సీసానికి 6 గుళ్లు, ఒక్కోటి సుమారు 9.1 మి.మీ. ఎస్‌జీ ఔన్సుకి 8, సుమారు 8.4 మి.మీ. బీబీ ఔన్సుకి 70, సుమారు 4.1 మి.మీ. 4 నంబరు 3.1, 6 నంబరు 2.6. అమెరికా పెట్టెమీద ఇవే అక్షరాలు ఉండవు: వాళ్ల డబల్ జీరో మన ఎస్‌జీకి దగ్గర, ట్రిపుల్ జీరో మన ఎల్‌జీకి దగ్గర. వాళ్ల 6 నంబరు మన 6 కాదు, 2.8 మి.మీ. ఉంటుంది, అంటే మన 5. అందుకే కొట్లో “ఆరో నంబరు” అని అడక్కుండా మి.మీ. చెప్పి అడగండి.

బ్యాంకు డ్యూటీకి ఏ సైజు అన్నది మీ ఏజెన్సీ రాతపూర్వకంగా ఇచ్చిన ఆర్డరు ప్రకారమే ఉండాలి. ఎస్‌జీ లేదని ఎల్‌జీ తెచ్చుకుంటే గుళ్లు తక్కువ, ఒక్కోటి బరువు, గోడలూ తలుపులూ దాటి వెళ్లే దూరం ఎక్కువ. జనం నిలబడే చోట ఆ తేడా చిన్నది కాదు. మార్చేముందు సూపర్‌వైజర్‌కి చెప్పి కాగితం తీసుకోండి.

ఒకే గుండు ఉండే స్లగ్ తూటాలని ఫుల్ చోక్ (మూతి దగ్గర బాగా ఇరుకు చేసిన) బారెల్లో పేల్చకండి. పాత గన్నుల మీద “నాట్ ఫర్ బాల్” అని ముద్ర కనిపిస్తే అది కూడా ఈ మాటే చెబుతోంది.

7. కొట్లో

శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా వెళ్లి వట్టి చేతులతో రావడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఆ తొందరలోనే తప్పు సరుకు చేతికొస్తుంది. ముందు ఫోను చేసి పొడవు, గ్రాములు, గుళ్ల మి.మీ. మూడూ చదివి చెప్పి, ఉన్నాయో లేదో కనుక్కోండి. లైసెన్సు ఒరిజినల్ తీసుకెళ్లండి. ఒకసారికి ఎన్ని, ఏడాదికి ఎన్ని కొనొచ్చో అందులోనే రాసి ఉంటుంది. కొన్న ప్రతీసారీ ఎంట్రీ వేయించి, అంకె సరిగ్గా రాశాడో లేదో అక్కడే చదవండి.

మన దేశంలో ఎక్కువగా కనిపించేది పుణె దగ్గర ఖడ్కీ ఆమ్యునిషన్ ఫ్యాక్టరీ సరుకు. 2021 అక్టోబరు 1 నుంచి ఆ ఫ్యాక్టరీ మ్యూనిషన్స్ ఇండియా లిమిటెడ్ కిందకి వెళ్లింది. పెట్టెమీద పేరు మారిందని కంగారు పడక్కర్లేదు, అంకెలు చూడండి. పెట్టె విప్పి విడి తూటాలు లెక్కపెట్టి ఇస్తానంటే ఒప్పుకోకండి. లాట్ నంబరు, పొడవు, జాగ్రత్తలు అన్నీ పెట్టెమీదే ఉంటాయి.

తోటి గార్డు దగ్గర నాలుగు తూటాలు అరువు తెచ్చుకోవడం మన దగ్గర మామూలైపోయింది. ఆయన లైసెన్సులో లెక్క తగ్గుతుంది, మీదాంట్లో ఎంట్రీ ఉండదు. తనిఖీలో ఇద్దరూ ఇరుక్కుంటారు.

8. ఇంటికొచ్చాక ఒక్కొక్కటీ చూడండి

ఇత్తడి అడుగున 12 అని ఉందా, పక్కన అచ్చు చదవడానికి వస్తోందా, మూతి మడత గట్టిగా ఉందా, కేప్ (అడుగు మధ్యలో పిన్ను కొట్టే చిన్న బిళ్ల) అడుగుతో సమానంగా ఉందా. అచ్చు చెరిగిపోయినది, ఇత్తడి పచ్చగా చిలుమెక్కినది, అట్ట ఉబ్బినది పక్కన పెట్టండి. ఊపితే లోపల గలగల వదులుగా వినిపించినదీ వద్దు.

ఇంట్లో 12 బోర్, 20 బోర్ రెండూ ఉంటే వాటి తూటాలు ఒకే సంచిలో, ఒకే జేబులో ఎప్పుడూ ఉండకూడదు. 20 బోర్ తూటా 12 చాంబర్లోంచి జారి ముందుకు పోయి బారెల్లో ఆగుతుంది. చాంబర్ ఖాళీగా కనిపిస్తుంది. దాని వెనక 12 తూటా పెట్టి పేల్చితే బారెల్ విచ్చుకుపోతుంది. 20 తూటాలు ఎక్కువగా పసుపు రంగులో వచ్చేది ఈ పొరపాటు ఆపడానికే.

9. రేంజిలో రెండు మూడు పేల్చి చూడండి

కొత్త రకం తూటాతో నేరుగా డ్యూటీకి వెళ్లకండి. అలాగని పొలంలోనో, జాతరలోనో, పెళ్లి ఊరేగింపులోనో గాల్లోకి కాల్చి చూడటం నేరం. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం సంబరాల కాల్పులకి రెండేళ్ల దాకా జైలు గానీ, లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. రైఫిల్ క్లబ్ రేంజి గానీ, ఏజెన్సీ ఏర్పాటు చేసే ఫైరింగ్ ప్రాక్టీసు గానీ చూసుకోండి. కళ్లద్దాలు, చెవులకి మఫ్‌లు తప్పనిసరి.

ఒక్కొక్క తూటాయే పెట్టి పేల్చి, ప్రతి ఖాళీ షెల్‌నీ చేత్తో పట్టుకుని చూడండి. సులువుగా బయటికి వచ్చిందా? మూతి అంచు నున్నగా ఉందా, చీలికలు పీలికలుగా ఉందా? ఇత్తడి ఉబ్బిందా? కేప్ చదునైపోయి పిన్ను గుంట చుట్టూ లోహం పొంగిందా? షెల్ బిగుసుకుపోవడం, అంచు చిరగడం, కేప్ చదునవడం: ఈ మూడింట్లో ఏది కనిపించినా అక్కడితో ఆపేసి, మళ్లీ 2వ అంచెకి వెళ్లండి. పొడవు ఎక్కడో తప్పి ఉండొచ్చు.

ట్రిగ్గర్ నొక్కితే పేలకపోతే వెంటనే మడవకండి. మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. ఢాం అనాల్సింది తుస్సుమంటే ఇంకా జాగ్రత్త. మడిచి, తూటాలు తీసేసి, బారెల్లోంచి వెలుతురు కనిపిస్తుందో లేదో చూడండి. వాడ్ (మందుకీ గుళ్లకీ మధ్య ఉండే అడ్డు) బారెల్ మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు. రెండోది పేల్చే పని ఆ తర్వాతే.

చివరగా, మీరు నిలబడే చోటికీ గేటుకీ ఎంత దూరమో అంత దూరంలో పెద్ద అట్ట పెట్టి ఒకటి పేల్చండి. గుళ్లు ఎంత మేర చెదిరాయో కొలిచి నోటుబుక్కులో రాసుకోండి. కొత్త తూటా చెదురు పాతదాని కంటే వేరుగా ఉంటుంది.

ఖాళీ షెల్‌లో మందు మార్చి నింపుకోవచ్చా?

తూటాలు దొరకని ప్రతీసారీ ఈ ప్రశ్న కూడా వస్తుంది. కూడదు. 1959 ఆయుధాల చట్టంలో 5వ సెక్షన్ ప్రకారం తూటా తయారీకి వేరే లైసెన్సు కావాలి. మీ దగ్గరున్నది గన్ను ఉంచుకోడానికి ఇచ్చిన లైసెన్సు. 2019 తర్వాత ఈ నేరానికి శిక్ష కనీసం ఏడేళ్లు.

చట్టం పక్కన పెట్టినా, చేతికి తెలిసే కొలత ఇందులో లేదు. నల్లమందు పట్టినంత చోటులో పొగలేని మందు నింపితే శక్తి ఎన్నో రెట్లు. పొగలేని మందుల్లోనూ ఒకటి నెమ్మదిగా కాలుతుంది, ఒకటి భగ్గుమంటుంది, చూపుకి రెండూ నల్ల పలుకులే. బాణసంచా మందు సంగతి చెప్పనే అక్కర్లేదు.

“అమెరికాలో మా వాడు మాగ్నమ్ రివాల్వర్‌కి తనే నింపుకుంటున్నాడు” అని ఒకాయన అడిగారు. నిజమే, అక్కడ చట్టం ఒప్పుకుంటుంది. కానీ అక్కడ కూడా ఒక మందు దొరక్కపోతే ఇంకో మందుని అదే తూకంలో పొయ్యరు. మందు తయారీదారు అచ్చువేసిన పట్టికలో ఆ మందుకి, ఆ గుండు బరువుకి ఉన్న తూకమే తీసుకుని, కింది అంకెతో మొదలుపెడతారు. ఏ మందు ఎంత త్వరగా కాలుతుందో వరసపెట్టిన చార్టులు ఉంటాయి. పక్కపక్కన ఉన్నాయని ఒకదానికి ఇంకోటి వాడటానికి అవి పనికిరావు. మాగ్నమ్‌లకి వాడే హెచ్110 అనే మందు విషయంలో, పట్టికలో ఇచ్చిన తూకాన్ని 3 శాతం కంటే ఎక్కువ తగ్గించవద్దని తయారీదారే హెచ్చరిస్తాడు. తగ్గిస్తే మందు సరిగ్గా అంటుకోక గుండు బారెల్లో ఆగిపోవచ్చు. అంటే ఎక్కువైనా ప్రమాదమే, తక్కువైనా ప్రమాదమే. మీ వాడు అక్కడ ఆ పట్టిక ప్రకారం చేస్తున్నాడో లేదో అడగండి.

.32 రివాల్వర్ ఉన్నవాళ్లకి

కాన్పూరు .32 రివాల్వర్లు, నిర్భీక్‌ అనే మోడల్‌తో సహా, .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ తూటాకి చేసినవి. .32 పిస్టల్ తూటా, అంటే 7.65 మి.మీ. ఏసీపీ, దీనికంటే పొట్టి. షెల్ సుమారు 17 మి.మీ., రివాల్వర్‌ది 23. రెండిటికీ .32 అనే పేరు ఉండటం, పిస్టల్ తూటా సిలిండర్లో పడటం వల్ల కొందరు వాడేస్తున్నారు. అమెరికా ప్రమాణాల్లో పిస్టల్ తూటా గరిష్ఠ ఒత్తిడి 20,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), రివాల్వర్ తూటాది 15,000. పొట్టిది కాబట్టి నెమ్మదైనదని అనుకోకండి. పెట్టెమీద “.32” చూసి ఆగకుండా, “లాంగ్” అన్న మాట వెతకండి.

మాగ్నమ్ రివాల్వర్ల కథ కూడా ఇలాంటిదే. 1935లో .357 మాగ్నమ్ తెచ్చినప్పుడు, అది పాత .38 స్పెషల్ రివాల్వర్లలో దూరకుండా షెల్‌ని 3 మి.మీ. పైగా పొడవు చేశారు. 12 బోర్‌లో ఆ అడ్డు లేదు. అక్కడ అడ్డు మన కళ్లే.

ఉంచుకోవడం, వదిలించుకోవడం

తోలు బెల్టు గుంటల్లో తూటాలు నెలల తరబడి వదిలెయ్యకండి. తోలుకీ ఇత్తడికీ పడదు, పచ్చ చిలుము పడుతుంది, ఆ తూటా అత్యవసరంలో చాంబర్లో సగం దాకా వెళ్లి ఆగుతుంది. డ్యూటీ దిగాక తీసి, పొడిగుడ్డతో తుడిచి, మూత బిగుతుగా ఉన్న రేకు డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. నూనె రాయకండి, కేప్‌లోకి దిగితే పేలదు. తడిసినవాటిని ఎండలో ఆరబెట్టి వాడకండి. కొత్తవి వచ్చాక పాతవాటిని ముందు ప్రాక్టీసులో ఖర్చు చెయ్యండి, రెండు రకాలూ ఒకే బెల్టులో కలపకండి.

8వ అంచెలో పక్కన పెట్టిన చెడిపోయిన తూటాలని నాగావళిలో పడెయ్యడం, పాతిపెట్టడం, మంటలో వెయ్యడం చెయ్యకండి. అవి మీ లైసెన్సు లెక్కలో ఉన్నవి. పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ అప్పగించి, ఎన్ని ఇచ్చారో రాసిన రసీదు తీసుకుని లైసెన్సుతో పాటు దాచుకోండి.